ఫిల్మ్‌తో డోసు కొలవడం నేర్చుకున్న ఏడాది – నా అనుభవం

రేడియేషన్ తగిలితే రంగు మారే గాఫ్‌క్రోమిక్ ఫిల్మ్ పెట్టె కొరియర్‌లో వస్తోందంటే మా కేన్సర్ రేడియేషన్ డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే ముందు మా సార్‌కి టెన్షన్ మొదలయ్యేది. రోహిణి కార్తెలో తిరుపతి ఎండల గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. డెలివరీ కుర్రాడు ఆ పెట్టెను బండి వెనక కట్టుకుని మధ్యాహ్నమంతా రేణిగుంట రోడ్డు మీద తిరిగితే లోపలున్న షీట్ల గతేమిటని ఆయన బాధ. ఫిల్మ్‌ను 25 డిగ్రీల లోపు చల్లటి చోట ఉంచమని తయారుచేసేవాళ్లే చెబుతారు. 60 డిగ్రీల దాకా పోయిందంటే లోపలి రసాయనం చెడిపోతుంది, ఇక దాన్ని నమ్మలేం. ఎండలో ఆపిన కారు డిక్కీలో 60 ఏమంత దూరం కాదు. అందుకే కొరియర్ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి, "పెట్టె ఊళ్లోకి రాగానే చెప్పండి, మేమే వచ్చి తీసుకుంటాం" అని చెప్పిపెట్టేవాళ్లం. ఇంటర్న్‌షిప్‌లో నాకు అప్పగించిన మొదటి పని ఆ పెట్టెను ఏసీ గదిలోకి చేర్చడమే.

మాది చిత్తూరు. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చదివాను. అదయ్యాక ఏడాది పాటు రేడియోథెరపీ ఉన్న ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఇంటికి దగ్గరని తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేరాను. మా వైపు కేన్సర్ అంటే మొదటినుంచీ రాయవేలూరు పోవడమే అలవాటు. ఇప్పుడు తిరుపతిలోనే వైద్యం దొరుకుతోంది కాబట్టి పీలేరు, మదనపల్లె, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి జనం ఇటే వస్తున్నారు. "కరెంటు పెట్టించుకునేదానికి వచ్చినాం" అంటారు. ఎన్ని రోజులు, ఎంత కరెంటు అనేది డాక్టర్ రాస్తారు. రాసినంత, రాసిన చోట పడుతోందా లేదా చూసేది మెడికల్ ఫిజిసిస్ట్. మా పిన్నికి నా ఉద్యోగం గురించి ఇంతే చెప్పాను. "అయితే కాంటా సరిగ్గా ఉందో లేదో చూసే ఆఫీసరు మాదిరి" అంది. దానికంటే బాగా నేను ఇప్పటికీ చెప్పలేను.

డోసు అంటే ఏమిటో పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. ఒక కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే ఒక గ్రే. మెషిన్ ముందు నిలబడ్డాకే ఆ జౌల్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసింది. రోజుకు ఒక పేషెంటుకి మామూలుగా ఇచ్చే 2 గ్రేలకు నీళ్లు ఎంత వేడెక్కుతాయని లెక్క వేస్తే డిగ్రీలో రెండువేల వంతు దగ్గర వస్తుంది. అంత చిన్న వేడిని కొలిచే కెలోరీమీటర్లు పెద్ద పెద్ద ప్రమాణ ప్రయోగశాలల్లో ఉంటాయి. మన ఆసుపత్రుల్లో డోసును నేరుగా కొలిచేది ఏదీ లేదు. అయాన్ ఛాంబర్ ఎలక్ట్రిక్ చార్జిని కొలుస్తుంది. ఫిల్మ్ రంగు మారుతుంది. టీఎల్‌డీ అనే చిన్న బిళ్లను వేడి చేస్తే వెలుగు ఇస్తుంది. డయోడ్ కరెంటు ఇస్తుంది. అక్కడినుంచి డోసు దాకా వచ్చేది మన లెక్క. ఆ దారిలో ఒక్కోటి ఒక్కోచోట మోసం చేస్తుంది. ఏది ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవడమే నా ఏడాది ఇంటర్న్‌షిప్ అని చెప్పొచ్చు.

మొదట నేర్పింది అయాన్ ఛాంబర్. వేలెడంత ఉండే ఫార్మర్ ఛాంబర్, దాని లోపల 0.6 సీసీ గాలి. నీళ్ల ట్యాంకులో 10 సెంటీమీటర్ల లోతున దాన్ని పెట్టి, 10 బై 10 సెంటీమీటర్ల ఫీల్డ్ తెరిచి, లినాక్ అనే రేడియేషన్ మెషిన్‌లో 6 ఎంవీ (మెగావోల్ట్) ఎక్స్‌రే బీమ్ ఆన్ చేస్తే లోపలి గాలి అయనీకరణం చెందుతుంది. గది బయట ఎలక్ట్రోమీటర్ మీద నానోకూలుంబుల్లో ఒక సంఖ్య కనిపిస్తుంది. మెషిన్ ఇచ్చే రేడియేషన్‌ను ఎంయూల్లో (మానిటర్ యూనిట్లు) లెక్కపెడతారు. 100 ఎంయూకి పది పన్నెండు నానోకూలుంబులు, అంతే. దాన్ని గ్రేలుగా మార్చే కేలిబ్రేషన్ ఫ్యాక్టర్ బార్క్ ప్రమాణాల నుంచి వచ్చిన సర్టిఫికెట్‌లో ఉంటుంది. ఆ సర్టిఫికెట్‌ను మా సార్ ఇంటి పత్రాల మాదిరి బీరువాలో దాచేవారు. మిగతా పద్ధతంతా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ల టీఆర్‌ఎస్-398 ప్రకారం. 2000లో వచ్చింది, 2024లో సవరించారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఛాంబర్ లోపలి గాలి బయటి గాలితో కలిసే ఉంటుంది. ఎండకు వేడెక్కి గాలి పలచబడితే, ఎత్తు ప్రదేశంలో ఒత్తిడి తగ్గితే, లోపల అణువులు తక్కువ, చార్జి తక్కువ. కాబట్టి ఉష్ణోగ్రతకు, ఒత్తిడికి దిద్దుబాటు చెయ్యాలి. సర్టిఫికెట్‌లో ఫ్యాక్టర్ ఇచ్చేది 20 డిగ్రీలకు, 101.325 కిలోపాస్కల్‌లకు. మా ట్యాంకులో నీళ్లు 24 డిగ్రీలు, గదిలో బారోమీటర్ 98.8 చూపిస్తోందనుకోండి, దిద్దుబాటు 1.040 వస్తుంది. అంటే నాలుగు శాతం. నాతోపాటు చేరిన ఇంకో ఇంటర్న్, బారోమీటర్ దగ్గరికి పోవడమెందుకని ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచాడు. అందులో 1006 మిల్లీబార్లు అని ఉంది. సార్ నవ్వి, "అది సముద్రమట్టానికి దించి చెప్పే లెక్క నాయనా. నీ ఛాంబర్ ఉండేది తిరుపతిలో, మద్రాసు బీచిలో కాదు" అన్నారు. ఆ యాప్ సంఖ్య వేస్తే దిద్దుబాటు 1.021 దగ్గరే ఆగిపోతుంది. దాదాపు రెండు శాతం తేడా. మెషిన్ ఇవ్వాల్సినంత ఇస్తోందా అని నెలనెలా చూసే అవుట్‌పుట్‌కి రెండు శాతమే హద్దు. అంటే ఒక యాప్ చాలు, బాగున్న మెషిన్‌ను బాగాలేదని తేల్చడానికి. బాగాలేనిదాన్ని బాగుందనడానికి కూడా అదే చాలు. చిత్తూరు తిరుపతికంటే ఇంకొంచెం ఎత్తులో ఉంటుంది, అక్కడ ఒత్తిడి ఇంకా తక్కువ. కొండ మీద తిరుమలలో లినాక్ పెడితే దిద్దుబాటు ఎంత వేసుకోవాలని ఒకరోజు సరదాకి లెక్క వేశాం. కిందికంటే ఏడెనిమిది శాతం ఎక్కువ వచ్చింది.

అయాన్ ఛాంబర్ మీద నమ్మకం కుదిరాక ఫిల్మ్ చేతికిచ్చారు. ఛాంబర్ చెప్పేది ఒక్క చోటి డోసు. ఇప్పుడు గడ్డ ఆకారానికి తగ్గట్టు డోసును మలిచి ఇచ్చే వీమ్యాట్, ఐఎంఆర్‌టీ చికిత్సల్లో డోసు ఒక్క చోట సరిపోతే చాలదు. గొంతులో గడ్డకు పూర్తి డోసు, రెండు సెంటీమీటర్ల అవతలున్న వెన్నుపాముకు చాలా తక్కువ. ఆ మధ్యలో డోసు ఎంత నిటారుగా పడిపోతోందో చూడాలంటే బొమ్మ కావాలి. ఆ బొమ్మ గీసేది ఫిల్మ్.

పాత రోజుల్లో కొడాక్ ఎక్స్‌రే ఫిల్మ్‌లు వాడేవారట. చీకటి గది, డెవలపర్, ఫిక్సర్, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఇన్ని తంటాలు. పైగా దాని లోపలుండేది వెండి. తక్కువ శక్తి ఉన్న చెదురు కిరణాలను వెండి శరీరంకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి ఫీల్డ్ అంచుల బయట, లోతు పెరిగేకొద్దీ అది ఎక్కువ చెబుతుంది. మేము వాడింది ఈబీటీ3 అనే గాఫ్‌క్రోమిక్ ఫిల్మ్. రెండు పాలిస్టర్ పొరల మధ్య 28 మైక్రాన్ల మందంలో ఒక రసాయనం, అందులో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు. రేడియేషన్ తగిలితే డయాసిటిలీన్ అణువులు గొలుసులుగా అతుక్కుని పాలిమర్ అవుతాయి, రంగు వస్తుంది. డెవలపర్ అక్కర్లేదు, చీకటి గది అక్కర్లేదు. దాని కూర్పు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెండితో వచ్చిన గొడవ లేదు.

ఏ రంగుకు ఎంత డోసో తేల్చుకునే కేలిబ్రేషన్ రోజు నాకు పండగ మాదిరే ఉండేది. పేషెంట్లందరూ అయ్యేసరికి సాయంత్రం దాటేది, ఆ తర్వాతే మెషిన్ మా చేతికి దొరికేది. ముందు చేతులకు గ్లవ్స్. లేత పచ్చ పసుపు రంగులో ఉండే షీట్‌ను పదునైన కత్తెరతో ముక్కలు చేస్తాం. మొండి కత్తెరతో కోస్తే అంచుల దగ్గర పొరలు విడిపోయి తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడినుంచి కొన్ని మిల్లీమీటర్ల మేర కొలత పనికిరాదు. కొయ్యకముందే ప్రతి ముక్కకు కుడి పైమూల మార్కర్‌తో నంబరు వేస్తాం. అది లెక్క కోసమే కాదు. షీట్‌ను పోర్ట్రెయిట్‌గా పెట్టామా, ల్యాండ్‌స్కేప్‌గా పెట్టామా అన్నదాన్నిబట్టి స్కానర్‌లో విలువ మారిపోతుంది. సూది స్ఫటికాలన్నీ ఒక వైపు వరసగా పడుకుని ఉంటాయి కదా, వెలుగు వాటికి ఏ వైపు నుంచి తగిలిందన్నది ముఖ్యం. ముక్క తిరగబడితే కొన్ని శాతాల తేడా ఊరికే వచ్చిపడుతుంది. ముక్కల కుప్పలో ఏది ఏ వైపో చెప్పేది ఆ నంబరే.

తర్వాత సాలిడ్ వాటర్ పలకలు, అంటే రేడియేషన్‌కు నీళ్లలాగే ఉండే ప్లాస్టిక్ పలకలు. 30 బై 30 సెంటీమీటర్ల పలకలు, రూపం చూసి తేలిక అనుకుంటాం కానీ అన్నీ కలిపి ఎత్తితే నడుం పట్టేస్తుంది. ముక్కను 10 సెంటీమీటర్ల లోతులో పెట్టి, పైన పలకలు పేర్చి, బీమ్ ఇస్తాం. ఆ లోతులో 2 గ్రేలు రావాలంటే మా మెషిన్ మీద 300 ఎంయూ దగ్గర ఇవ్వాలి. సున్నా, అర గ్రే, ఒకటి, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, ఇట్లా పెంచుకుంటూ పోతాం. ఒక్కో ముక్క బయటికి తీసినప్పుడల్లా ముందుదానికంటే కొంచెం ముదురు. అర గ్రే ముక్కను చూస్తే ఏదైనా మారిందా అని అనుమానమొస్తుంది. ఎనిమిది గ్రేల ముక్క నీలంగా నిలబడుతుంది. వరసగా టేబుల్ మీద పరిస్తే, చదువుకున్న ఫిజిక్సంతా రంగులుగా కనిపిస్తున్నట్టు ఉంటుంది. ఇంత డోసు ఇచ్చామని చెప్పడానికి ఆధారం మళ్లీ ఆ అయాన్ ఛాంబరే. అదే సాయంత్రం, అదే పలకల్లో ఛాంబర్‌తో కొలిచి మెషిన్ అవుట్‌పుట్ తేల్చుకున్నాకే ఫిల్మ్ పెట్టేవాళ్లం. ఫిల్మ్‌కు సొంతంగా ఏ విలువా తెలియదు. మనం చెప్పిందే దానికి తెలుసు.

అప్పుడే స్కాన్ చెయ్యాలని చేతులు ఊరుకోవు. కానీ ఆగాలి. రేడియేషన్ ఆగినా లోపల పాలిమర్ పెరుగుతూనే ఉంటుంది, మొదట్లో వేగంగా, తర్వాత నింపాదిగా. కేలిబ్రేషన్ ముక్కలను ఎన్ని గంటలకు స్కాన్ చేశామో, పేషెంటుకి ఇవ్వబోయే చికిత్స ప్లాన్‌ను ముందుగా పరీక్షించే ఫిల్మ్‌ను కూడా అన్ని గంటలకే చెయ్యాలి. మేము 24 గంటలు పెట్టుకున్నాం. నల్ల కవర్లో పెట్టి, కవర్ మీద టైం రాసి, బీరువాలో పెట్టి ఇంటికి పోవడమే. తొందరున్న రోజుల్లో ఇంకో ఉపాయం ఉంది. ప్లాన్ ఫిల్మ్‌తోపాటే తెలిసిన డోసు ఇచ్చిన ముక్క ఒకటి, అసలు రేడియేషన్ తగలని ముక్క ఒకటి పక్కన పెట్టి అన్నీ ఒకే స్కాన్‌లో తీస్తారు. సార్ ఒప్పుకునేవారు గానీ ఆయనకు అది అంతగా నచ్చేది కాదు.

స్కానర్ గురించి కాలేజీలో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఫొటోస్టూడియోల్లో వాడే ఎప్సన్ ఫ్లాట్‌బెడ్ రకమే అది, ఏ3 సైజు. అందులో ఫొటోను అందంగా చేసే సెట్టింగులన్నీ ఆపేయాలి. రంగు దిద్దడం, పదును పెంచడం, ధూళి తీసేయడం, అన్నీ. వెలుగు ఫిల్మ్ గుండా పోయే ట్రాన్స్‌మిషన్ మోడ్, 48 బిట్ రంగు, 72 డీపీఐ, టిఫ్ ఫైలు. అద్దం తుడిచి, లాంప్ వేడెక్కేదాకా ముందు కొన్ని ఖాళీ స్కాన్లు తీసి, అప్పుడు ఫిల్మ్ పెట్టాలి. ఫిల్మ్ కొంచెం వంగి ఉన్నా విలువ మారుతుంది, అందుకే పైన ఒక గాజుపలక. వచ్చిన బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్లు ఉంటాయి. ఫిల్మ్ ఎక్కువగా పీల్చుకునేది ఎర్ర వెలుగును, 636 నానోమీటర్ల దగ్గర. కాబట్టి మామూలు డోసులకు ఎరుపు ఛానెల్ చురుకు. డోసు బాగా పెరిగితే అది మందగిస్తుంది, అప్పుడు ఆకుపచ్చ మేలు. నీలం డోసుకంటే పూత మందంలోని హెచ్చుతగ్గులను బాగా చెబుతుంది. మూడింటినీ కలిపి లెక్కవేసి, పూత తేడాలను డోసు నుంచి విడదీసే పద్ధతి 2011లో వచ్చింది. మా సాఫ్ట్‌వేర్ చేసేది అదే.

ఇంత జాగ్రత్తగా చేశాక మొదటి పేషెంట్ ప్లాన్ నా చేతికొచ్చింది. గొంతు కేన్సర్, వీమ్యాట్ ప్లాన్. పలకల మధ్య పూర్తి షీట్ పెట్టి ప్లాన్ అంతా నడిపాం. మర్నాడు స్కాన్ చేసి, ప్లానింగ్ కంప్యూటర్ చెప్పిన డోసుతో పోల్చాను. పోల్చడానికి గామా అని ఒక లెక్క ఉంటుంది. డోసులో ఇన్ని శాతాలు, దూరంలో ఇన్ని మిల్లీమీటర్లు అని హద్దు పెట్టుకుని, ప్రతి బిందువూ ఆ హద్దులో ఉందా లేదా అని చూడటం. 2018లో వచ్చిన అమెరికన్ ఫిజిసిస్టుల సంఘం నివేదిక ప్రకారం 3 శాతం, 2 మిల్లీమీటర్ల హద్దుకు 95 శాతం బిందువులు పాసవ్వాలి. 90 కంటే తగ్గితే ఆగి కారణం వెతకాలి. నా ఫిల్మ్‌కు వచ్చింది 86.

అదే ప్లాన్‌ను డిటెక్టర్ అర్రే మీద కూడా నడిపి ఉన్నాం. వందల డయోడ్లున్న పలక అది, క్షణాల్లో సంఖ్య చెప్పేస్తుంది. అందులో ప్లాన్ చక్కగా పాసైంది. మధ్యలో పెట్టిన అయాన్ ఛాంబర్ కూడా ప్లాన్‌తో సరిపోయింది. తెర మీద కుడి ఎడమ అంచుల దగ్గర రెండు ఎర్ర మచ్చలతో ఫిల్మ్ ఒక్కటే ఎదురు తిరిగి కూర్చుంది. ఆ రెండు చోట్లా అనుకున్నదానికంటే నాలుగైదు శాతం ఎక్కువ డోసు పడిందని దాని మాట. డయోడ్ల మధ్య సందు ఉంటుంది, ఆ సందుల్లో ఏం జరుగుతోందో అర్రేకి తెలియదు. కాబట్టి ఇద్దరు ఒక మాట, ఒకరు ఒక మాట అంటే ఆ ఒక్కరిది తప్పని తేల్చేయడానికి లేదు. ఇవతల పేషెంటుకి మర్నాడు మొదటి రోజు చికిత్స.

సార్ వచ్చి తెర చూశారు. "ఫిల్మ్ అబద్ధం చెప్పదు మా. స్కానర్ చెప్తాది" అన్నారు. ఫిల్మ్‌ను స్కానర్ అద్దం మీద అలాగే, తిప్పకుండా, ఒక పక్కకు నాలుగు వేళ్లంత జరిపి మళ్లీ స్కాన్ చెయ్యమన్నారు. చేశాను. మధ్యకు వచ్చిన వైపు ఎర్రమచ్చ దాదాపు మాయమైంది. అంచుకు పోయిన వైపుది ఇంకా పెరిగింది. అంతే, తేలిపోయింది. నిజంగా డోసే ఎక్కువ పడి ఉంటే మచ్చ ఫిల్మ్‌తోపాటు కదలాలి, పెరగకూడదు, తగ్గకూడదు. ఇక్కడ అది ఫిల్మ్ అద్దం మీద ఎక్కడుందన్నదాన్నిబట్టి మారుతోంది.

కారణం చెబితే తేలికే. స్కానర్ లాంప్ అద్దానికి అడ్డంగా ఉంటుంది, కెమెరా కన్ను మధ్యలో. అంచుల నుంచి వెలుగు దాన్ని వాలుగా చేరాలి. ఆ సూది స్ఫటికాలు వెలుగును చెదరగొట్టి, పోలరైజ్ చేసి పంపుతాయి కాబట్టి అంచుల నుంచి వచ్చే వెలుగు ఇంకొంచెం తగ్గిపోతుంది. స్కానర్‌కు వెలుగు తగ్గడం అంటే నలుపు, మా లెక్కలో నలుపు అంటే డోసు. కేలిబ్రేషన్ ముక్కలన్నీ చిన్నవి, మధ్యలో పెట్టి తీసినవి కాబట్టి ఈ సంగతి వాటిలో బయటపడదు. ఎక్కువ డోసు దగ్గర ఈ దోషం కూడా ఎక్కువవుతుంది. దానికి మందు ఓపిక. ఒకే డోసు ఇచ్చిన ముక్కలను అద్దం మీద ఎడమ నుంచి కుడికి అంగుళం అంగుళం జరుపుతూ స్కాన్ చేసి, ఎక్కడ ఎంత తేడా వస్తోందో పట్టిక వేసుకోవాలి. ఆ సాయంత్రం అదే పని. పట్టిక వేసి, దిద్ది, మళ్లీ పోల్చితే 97 వచ్చింది. పేషెంటుకి మర్నాడు అనుకున్న సమయానికే మొదలుపెట్టారు. ఆయనకు ఇవేవీ తెలియవు, ఆరోగ్యశ్రీ కాగితాల మీద సంతకాల గురించే ఆయన దిగులు.

దీని తర్వాత ఫిల్మ్ మీద నాకు నమ్మకం పెరిగింది. దాని వంకర ఎక్కడో తెలిసింది కదా. అసలు ఫిల్మ్ లేకపోతే జరగని పనులు కొన్ని ఉన్నాయి. మెదడులో సెంటీమీటరంత గడ్డకు ఇచ్చే స్టీరియోటాక్టిక్ చికిత్స తీసుకోండి. ఫార్మర్ ఛాంబర్ పొడవే రెండు సెంటీమీటర్లకు పైన. దాన్ని ఆ ఫీల్డ్‌లో పెట్టడం ఆవగింజను మానికతో కొలవడమే. ఛాంబర్‌లో సగం ఫీల్డ్ బయట ఉండి సగటు తీసి తక్కువ చెబుతుంది. తక్కువ చెప్పిందని మనం డోసు పెంచుతాం. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో 2006, 2007 మధ్య ఇట్లాగే చిన్న ఫీల్డ్‌లను తగని డిటెక్టర్‌తో కొలిచి మెషిన్‌కు లెక్కలు ఎక్కించారు. 145 మంది పేషెంట్లకు ఎక్కువ డోసు పడింది. డిప్లొమాలో ఈ పాఠం విన్నప్పుడు ఎక్కడో జరిగిన కథలా ఉండింది. ఛాంబర్, డయోడ్, ఫిల్మ్ మూడింటినీ ఒకే చిన్న ఫీల్డ్‌లో పెట్టి మూడు రకాల సంఖ్యలు కళ్లారా చూశాక కథలా అనిపించలేదు.

ఫాంటమ్‌లో, అంటే శరీరానికి బదులు పెట్టే ఆ పలకల్లో, అంతా సరిపోయినా పేషెంట్ ఫాంటమ్ కాదు. తిరుపతిలో ఇది ఇంకో రకంగా తెలుస్తుంది. తలకు, మెడకు చికిత్స అంటే కదలకుండా ముఖం మీద వేడి ప్లాస్టిక్ మాస్క్ అచ్చు తీస్తాం. చికిత్స మధ్యలో శని, ఆదివారాలు సెలవు. జబ్బు నయం కావాలని మొక్కుకుని ఆ రెండు రోజుల్లో కొండకుపోయి తలనీలాలు ఇచ్చి వస్తారు. సోమవారం మాస్క్ పెడితే వదులు, తల లోపల అటూ ఇటూ కదులుతుంది. మళ్లీ మాస్క్, మళ్లీ సీటీ, మళ్లీ ప్లాన్. ఇప్పుడు మాస్క్ చేసే ముందే టెక్నీషియన్ అన్న అడుగుతాడు, "మొక్కు ఏమన్నా ఉంటే ముందే తీర్చుకుని రాండి" అని.

ఇంటర్న్‌షిప్ చివర్లో చేసిన పని ఒకటి చెప్పి ఆపుతాను. రొమ్ము తీసేసిన తర్వాత ఛాతీ గోడకు రేడియేషన్ తీసుకుంటున్న ఒక అవ్వ. 6 ఎంవీ బీమ్ పూర్తి డోసు ఇచ్చేది చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో, పైచర్మానికి తక్కువే. కానీ ఆమెకు ఆపరేషన్ మచ్చ దగ్గర చర్మంలోనే జబ్బు మిగిలి ఉండొచ్చు. అందుకని పైన బోలస్ పెడతారు, జెల్లీ లాంటి మెత్తటి పలక. అది ఉంటే డోసు చర్మం దాకా పైకొస్తుంది. పైన ఉన్న ఆ కొన్ని మిల్లీమీటర్ల గురించి ప్లానింగ్ కంప్యూటర్ చెప్పే లెక్క అంత నమ్మదగినది కాదు. డాక్టర్ గారు కొలిచి చెప్పమన్నారు.

చిన్న చిన్న ఫిల్మ్ ముక్కలు పలచని ప్లాస్టిక్‌లో చుట్టి, మచ్చ పొడవునా వరసగా టేపుతో అతికించాను. ఒక్కోదాని పక్కన టీఎల్‌డీ చిప్ కూడా పెట్టాం. లిథియం ఫ్లోరైడ్ చిప్, మూడు మిల్లీమీటర్ల చదరం, పట్టకారుతో తప్ప పట్టుకోకూడదు. మేము ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జిలో ఉండేదీ టీఎల్‌డీయే గానీ అది కాల్షియం సల్ఫేట్ బిళ్ల, మాకు పొరపాటున తగిలే డోసు చూడటానికి. అవ్వ టేపు చూసి, "ఇదేంది మా, పుండేమన్నా అయిందా?" అని భయపడింది. "లేదవ్వా, కరెంటు ఎంత తగులుతా ఉందో చూసే కాగితాలు" అన్నాను. "అట్లయితే నాలుగు ఎక్కువే పెట్టు" అంది.

మర్నాడు ఫిల్మ్‌లు స్కాన్ చేశాం, చిప్‌లను రీడర్‌లో వేడి చేసి వెలుగు చదివాం. చిప్‌లు, ఫిల్మ్‌లు రెండు మూడు శాతం తేడాతో ఒకే మాట చెప్పాయి. రొమ్ము ఎముక వైపు నుంచి మధ్య దాకా డోసు బాగుంది. చంక వైపు చివరి రెండు ముక్కలు మాత్రం కంటికే లేతగా కనిపిస్తున్నాయి, దాదాపు 15 శాతం తక్కువ. ఫిల్మ్ ఒక్కటే అయితే టేపు సరిగ్గా అంటలేదేమో, ముక్క తిరగబడిందేమో అనుకునేదాన్ని. పక్కనున్న చిప్ కూడా అదే చెప్పాక ఇక అనుమానానికి చోటు లేదు. చికిత్స గదికి పోయి బోలస్ పెట్టి చూస్తే తెలిసింది. చంక దగ్గర ఒళ్లు లోపలికి ఒంపు తిరిగే చోట ఆ పలక బిర్రుగా వంతెనలా నిలబడుతోంది, కింద వేలు దూరేంత ఖాళీ.

బోలస్‌ను ఆ ఒంపు దగ్గర రెండుగా కోసి, చిన్న ముక్కను విడిగా ఒంటికి హత్తుకునేలా పెట్టి, పైన టేపు వేశాం. అవ్వకు మళ్లీ ఫిల్మ్‌లు, మళ్లీ చిప్‌లు. ఈసారి చంక వైపు ముక్కలు మిగతావాటి రంగులోకి వచ్చాయి, తేడా నాలుగు శాతానికి దిగింది. డాక్టర్ గారు అది చాలన్నారు. రెండు ముక్కల బోలస్ ఎట్లా పెట్టాలో ఫొటో తీసి ఆమె చార్టులో పెట్టాం, మిగిలిన రోజులన్నీ టెక్నీషియన్లు దాన్ని చూసే పెట్టారు.